కింది దాకా కేకే

కేకు పిన్ని నవ్విందంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. నమ్మకపోతే వెళ్ళి ఆ కుక్కనే అడగండి. ఆవిడకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఇన్నేళ్ళుగా ఎవరికీ పని పడలేదు. పెద్దలకీ, పిల్లలకీ, ఆఖరికి చర్చి అయ్యగారికి కూడా ఆవిడ కేకు పిన్నే. ఇంట్లో ముందు గదిలో ఓవెను, వెనక గదిలో మంచం, మధ్యలో ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీదే పిండి కలపడం, ఆ బల్ల మీదే భోజనం, ఆ బల్ల మీదే ఇస్త్రీ. ఏ దిండు తట్టినా పంచదార పొడి లేస్తుంది.

పెళ్ళి కేకులు ఆవిడ పని. మూడంతస్తుల కేకు చూసి మీరెప్పుడైనా నోరెళ్ళబెట్టే ఉంటారు. నోరు మూసుకోండి, చెప్తాను. అందులో కేకు ఉండేది ఒక్క ముక్క. మిగతాదంతా చెక్క! అవునండీ, గుండ్రటి చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనంతా క్రీము పూసేస్తారు. కింది దిమ్మలో ఒక పక్క చిన్న గూడులా తొలిచి ఉంటుంది, అందులో నిజం కేకు కూర్చుతారు. కత్తి ఎక్కడ పెట్టాలో పెళ్ళికూతురికి తెలియాలి కదా, అందుకని సరిగ్గా ఆ గూడు మీద క్రీముతో ఒక పచ్చ ఆకు వేస్తారు. ఆకు మీద కోస్తే చప్పట్లు. పక్కన కోస్తే ఠక్కుమని చప్పుడు, పెళ్ళివారి మొహాలు చూడాలి అప్పుడు! జనానికి పంచేది వేరే, అది ట్రేలలో కాల్చి, పెళ్ళి హాలు వెనక గదిలో పెట్టిన మామూలు కేకు. ఇందులో మోసమేం లేదు, అందరికీ తెలిసిన పద్ధతే. మూడంతస్తులూ నిజం కేకు నిలబెట్టాలంటే చేసేవాళ్ళ ప్రాణం తోకకొస్తుంది.

పిన్ని వాడే దిమ్మలు ఆవిడ భర్త చేసినవి. ఆయన వడ్రంగి. పెళ్ళికి ముందు ఆయన ఇచ్చిన మొదటి కానుక అవే. "లోకంలో మగాళ్ళు పూలిస్తారు, మా ఆయన దుంగలిచ్చాడు" అని పిన్ని ఇప్పటికీ పడీ పడీ నవ్వుతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దిమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు.

చెక్కుచెదరలేదంటే పూర్తిగా నిజం కాదు లెండి. మధ్య దిమ్మకి ఒక గాటు ఉంది. పిన్నికి ఒక్కగానొక్క కూతురు. దానికి పళ్ళు ఊడే వయసు రాకముందే, ఒకరోజు అమ్మ అటు తిరగగానే, క్రీము పూసిన మధ్య దిమ్మని ఆబగా కొరికేసింది. ముందు పన్ను చెక్కలో దిగబడిపోయింది! నాన్న పరిగెత్తుకొచ్చి, పట్టకారు తెచ్చి, పిల్లని ఒక పక్కకీ పన్నుని ఒక పక్కకీ తీశాడు. పిల్ల ఏడ్చింది చూడండి, ఏడుపు! పన్ను ఊడినందుకు కాదు. "అంతా అబద్ధం కేకే!" అని.

పిన్నికి కడుపు తరుక్కుపోయింది. పిల్లని ఒళ్ళో వేసుకుని, "నీ పెళ్ళికి చేస్తానే బంగారం. కింది దాకా కేకే. ఒక్క పుల్ల ముక్క కూడా ఉండదు. ఒట్టు" అంది. ఒట్లు పెట్టుకోకూడదని అయ్యగారు చెప్పింది గుర్తొచ్చి, "ఒట్టు కాదులే, మాట" అని సర్దుకుంది.

ఆ పిల్ల పెరిగి డ్రిల్లు టీచరయింది. మెళ్ళో ఈల, నోట్లో గర్జన. బడిలో ఎంతటి అల్లరి పిడుగైనా ఆవిడ ఈల వింటే నిలువునా కర్రయిపోతాడు. ఎంత పెద్దదైనా కేకు మాట మాత్రం మర్చిపోలేదు. ఎవరి పెళ్ళి కేకు బల్ల మీదికెక్కినా అమ్మ భుజం మీంచి తొంగిచూసి, "నాది కింది దాకా, గుర్తుందిగా?" అనేది. "నీ మొహం, ముందు పెళ్ళికొడుకుని తీసుకురా" అనేది పిన్ని. తీసుకొచ్చింది కూడా. కుర్రాడు మెతక మనిషి, ఈల వేయకుండానే చెప్పిన మాట వింటాడు.

ఇక పిన్ని సేవ గురించి చెప్పాలి. కేకు కాలాక పైన గుమ్మటంలా ఉబ్బుతుంది. దాన్ని కోసేసి చదును చేస్తే గాని క్రీము పట్టదు. ఆ కోసేసిన అంచు ముక్కలన్నీ గిన్నెకెత్తి, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆసుపత్రికి పట్టుకెళ్ళేది. అంతకు ముందు సండే స్కూల్లో పిల్లలకి పాఠం. "ప్రేమంటే ఏంట్రా? పొట్ట నిండాక మిగిలింది పెట్టడం కాదు. నోటి దాకా వచ్చింది తీసి పెట్టడం!" అని బల్ల గుద్ది చెప్పి, వెంటనే గిన్నె చంకన పెట్టుకుని బయల్దేరేది. గిన్నెలో ఉన్నవి మిగిలిన ముక్కలేనని ఆవిడకి ఎన్నడూ తట్టలేదు. ఆవిడ చెయ్యి పెద్దదని ఊరంతా మెచ్చుకుంటుంటే ఎందుకు తడుతుంది?

ఆసుపత్రిలో ఆ గిన్నె అందుకునేది వార్డు పిల్ల. అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల, నా అన్నవాళ్ళు లేరు. పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, చెంచా పట్టుకోలేనివాళ్ళకి తినిపించడం ఆ పిల్ల పని. కేకు ముక్క పొడి చేసి, పాలల్లో నానబెట్టి, ముసలమ్మల నోట్లో పెడుతూ, "ఇంకొక్క ముద్ద, ఇదే ఆఖరు" అని ప్రతి ముద్దకీ అదే అబద్ధం చెప్పేది. తను తినడం మాత్రం పిన్ని ఎప్పుడూ చూడలేదు. గిన్నె కడిగి, తుడిచి, వందనాలు చెప్పి ఇచ్చేసేది.

ఆ పిల్లకీ పెళ్ళి కుదిరింది. వరుడు ఆ ఆసుపత్రిలోనే లిఫ్టు నడిపే ఆయన. ఆయనకి సెలవు దొరికిన రోజే ముహూర్తం అనుకున్నారు. తీరా చూస్తే అది డ్రిల్లు టీచరు పెళ్ళి రోజే!

"పిన్నీ, మీకు పని మీద పని అవుతుందేమో" అని నసిగింది వార్డు పిల్ల. "చెక్కదే చాలు. కానీ చూడ్డానికి మటుకు అక్క కేకులా ఉంటే..."

"దానికేం భాగ్యం! పక్కపక్కన పెడితే నేను కూడా పోల్చుకోలేనట్టు చేస్తాను" అంది పిన్ని.

అన్న మాట మీద నిలబడింది. అదే కొంప ముంచింది.

పెళ్ళి రోజు పొద్దున బల్ల మీద రెండు కేకులు. ఒకటి భర్త చేసిన దిమ్మల మీద పూసింది, వార్డు పిల్లకి. రెండోది కూతురికి, కింది దాకా కేకే. దాని కోసం పిన్ని ఓవెనుని బుజ్జగించింది, తిట్టింది, దాని ముందు మోకాళ్ళూని ప్రార్థించింది. కింది అంతస్తు కుంగలేదు, పై అంతస్తు వాలలేదు. చూసి చూసి ఆవిడ దిష్టే దానికి తగిలేలా ఉంది. మోసుకెళ్ళేది ఆవిడ తమ్ముడు. వ్యాను నడుపుతాడు, ఏం చెప్పినా మొత్తం వినకుండానే "తెలుసులే అక్కా" అంటాడు.

"ఒరేయ్, సరిగ్గా విను. ఆకున్నది ఆసుపత్రికి, దాంతోపాటు ట్రేలు కూడా. ఆకు లేనిది చర్చి హాలుకి. దానికి ట్రేలు అక్కర్లేదు, అంతా కేకే కాబట్టి."

"తెలుసులే అక్కా."

పిన్ని ముస్తాబు కావడానికి లోపలికి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ మనసు కూతురి మీద ఉంది గాని చెయ్యి దాని అలవాటులో అది ఉంది. క్రీము పూయడం ముగియగానే ఆకు వేయడం, ఏళ్ళ తరబడి అదే వరస. నిజం కేకుకి ఆకు ఎందుకు? ఎక్కడ కోసినా తెగుతుంది కదా! కానీ చెయ్యికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికీ అప్పటికే ఒక ఆకు వేసేసింది.

తమ్ముడు వచ్చి చూస్తే దీనికీ ఆకే, దానికీ ఆకే. ఎత్తి చూశాడు, రెండూ నడుం విరిచేంత బరువే. తల గోక్కున్నాడు. గుమ్మానికి దగ్గరగా ఉన్నది ఆసుపత్రికి పట్టుకుపోయాడు.

చర్చిలో పెళ్ళి ఎంత బాగా జరిగిందని! పిన్ని ఒక కంటితో ఏడ్చింది, ఒక కంటితో నవ్వింది. పెళ్ళికూతురు "అంగీకరిస్తున్నాను" అంటే వెనక వరసలో బడిపిల్లలు భయంతో లేచి నిలబడ్డారు. తర్వాత అందరూ హాల్లోకొచ్చారు. మధ్యలో కేకు, తెల్లగా, నిటారుగా, మహారాణిలా నిలబడి ఉంది. పిన్నికి ముచ్చట ఆగలేదు. ఉడికిందో లేదో చూసే పొడుగు సూది ఎప్పుడూ ఆవిడ సంచిలోనే ఉంటుంది. ఎవరూ చూడకుండా కేకు వెనక్కి వెళ్ళి, మెత్తదనం చూసుకుందామని ఒక్క పోటు పొడిచింది.

ఠక్.

ఇంకో చోట పొడిచింది. ఠక్. పై అంతస్తులో పొడిచింది. సూది వంగిపోయింది. పిన్ని పై ప్రాణాలు పైనే పోయాయి.

తమ్ముణ్ణి రెక్క పట్టుకుని మూలకి లాగింది. "ఏం చేశావురా?"

"రెండింటికీ ఆకుందక్కా."

"మరి అడగొద్దూ?"

"నువ్వు లోపల ఏడుస్తున్నావు. పెళ్ళిపూట కదిలించడం ఎందుకులే అని..."

వాణ్ణి తిట్టడానికి కూడా టైం లేదు. హాలు నిండా జనం, వెనక గదిలో ఒక్క ట్రే లేదు, కూతురు అప్పుడే కత్తి వైపు చూస్తోంది. పిన్ని తిన్నగా అయ్యగారి దగ్గరికెళ్ళింది.

"అయ్యగారూ, కేకు కోసే ముందు ఆశీర్వాద ప్రార్థన చేస్తారు కదా, కొంచెం పొడిగించండి."

"ఏమన్నారమ్మా?"

"పొడిగించండి. మీకు ఎంత ఓపిక ఉంటే అంత."

తన ప్రార్థన పొడిగించమని అయ్యగారిని జీవితంలో మొదటిసారి ఒకరు అడిగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. రెండు చేతులూ పైకెత్తి మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకోగానే పిన్ని చెప్పులు చేత పట్టుకుని వీధిలోకి లంఘించింది.

ఆసుపత్రి మలుపు తిరిగితే వచ్చేస్తుంది. ఆవిడ పరుగు చూసి వీధి చివర కుక్క, ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టుందని, తనూ పక్కన పరిగెత్తింది. పరిగెడుతూనే పిన్ని దేవుడితో బేరం పెట్టుకుంది. "ప్రభువా, ఆ పిల్లకి రేపు ఇంతకంటే పెద్దది చేస్తాను. కావాలంటే ఎల్లుండి ఇంకోటి చేస్తాను. ఇవాళ్టిది మాత్రం నా కూతురిది. మాటిచ్చాను. పన్ను పోగొట్టుకుంది ప్రభువా, దాని పన్ను!" దేవుడు ఏమీ అనలేదు. కుక్క మొరిగింది.

ఆసుపత్రి భోజనాల గదిలో బల్లలు ఒక పక్కకి జరిపారు. చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు, సెలైను స్టాండు చేత పట్టుకుని ఒకాయన, కాలికి సిమెంటు కట్టుతో ఒకాయన, అందరి తలల మీదా రంగు కాగితం టోపీలు. లిఫ్టాయన కొత్త కోటు వేసుకుని, అలవాటు కొద్దీ తలుపు పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళని "లోపలికి, లోపలికి" అంటున్నాడు. మధ్యలో పిన్ని కేకు. కోసింది ఒకే ఒక్క ముక్క. ఇంకా అంతా అలాగే ఉంది. పట్టుకుపోవచ్చు! కోసిన చోట క్రీము పూస్తే తెలియనే తెలియదు!

వార్డు పిల్ల తెల్ల బట్టల్లో, చేతిలో పళ్ళెంతో పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ! ఆకు మీద కత్తి పెట్టానా, ఆగుతుందనుకున్న చోట ఆగలేదు పిన్నీ! అలా దిగుతూనే ఉంది! పక్కన కోశాను, అక్కడా కేకే. కింది దాకా కేకే!"

"అమ్మాయ్, అది..." అంది పిన్ని. మాట సిద్ధంగా ఉంది. పొరపాటయింది, ఇది మా అమ్మాయిది, నీది అక్కడుంది. అంతే చెప్పాలి. ఆ పిల్ల నొచ్చుకోదు కూడా. నవ్వేసి, తానే ఒక పక్క పట్టుకుని వ్యాను దాకా మోసి పెడుతుంది. అలాంటి పిల్ల.

వార్డు పిల్ల పళ్ళెం గుండెకి దగ్గరగా పట్టుకుంది. "నా కోసం ఎవరూ ఇంత పని చెయ్యలేదు పిన్నీ. చూడండి, వీళ్ళకి పెట్టకుండా ముందు నేనే తినేద్దామనుకుంటున్నాను. తప్పా?"

పిన్ని ఆ పళ్ళెం వైపు చూసింది. ఆ పిల్ల తినడం తను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. తన గిన్నె గుర్తొచ్చింది. అందులో ఏనాడూ అంచు ముక్క తప్ప ఇంకోటి లేదు. బల్ల గుద్ది చెప్పిన పాఠం చెవిలో మోగింది. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి, దేవుడి మీద కాదు, తన మీదే. నోటి దాకా వచ్చింది ఇదేనన్నమాట. ఇదొక్కటే. పైగా ఇది తన నోరు కూడా కాదు, కూతురిది!

"తినవే తల్లీ" అంది. "త్వరగా తిను. చల్లారిపోతుంది."

కేకు చల్లారిపోవడమేంటని ఎవరూ అడగలేదు. వార్డు పిల్ల కుర్చీలో కూర్చుంది. ఎవరికీ పెట్టకుండా, ఎవరినీ చూడకుండా, కళ్ళు మూసుకుని తింది. మూతికంతా క్రీమే. పిన్ని గుండె ఒక పక్క పగిలిపోతోంది, ఒక పక్క ఎగిరి గంతులేస్తోంది. అలాంటి గుండెని పట్టుకుని తిరిగి పరిగెత్తింది, కుక్కతో సహా.

చర్చి హాల్లో అయ్యగారు ఇంకా ప్రార్థనలోనే ఉన్నారు. కొత్త దంపతులనీ, వాళ్ళకి పుట్టబోయేవాళ్ళనీ దాటేసి, సముద్రాల మీద ఓడలు నడిపేవాళ్ళ దాకా వచ్చారు. పెళ్ళికొడుకు నిలబడే కునుకు తీస్తున్నాడు. పెళ్ళికూతురు ఒక కన్ను తెరిచి అమ్మ వైపు చూసింది.

"ఎక్కడికెళ్ళావు?" గుసగుసగా అడిగింది.

పిన్ని దాచలేదు. ఆవిడకి దాచడం రాదు. "ఇది చెక్కదే, బంగారం. నీది ఆసుపత్రికి పోయింది. నా చెయ్యే రెండింటికీ ఆకు వేసింది. తెచ్చేద్దామనే వెళ్ళాను. ఒక్క ముక్కే కోశారు, తేవచ్చు. తేలేకపోయాను. ఇచ్చేశాను. నీది నీకు చెప్పకుండా ఇచ్చేశాను. మాట తప్పాను తల్లీ."

డ్రిల్లు టీచరు పెదవి వణికింది. బడిపిల్లలు ఎవరూ చూడలేదు గాని, ఆ క్షణంలో ఆవిడకి మళ్ళీ పాలపళ్ళ వయసే. "ఇన్నేళ్ళూ గుర్తు చేస్తూనే ఉన్నాను కదమ్మా" అంది.

"చేశావు."

కూతురు కేకు వైపు తిరిగి, మధ్య అంతస్తు మీద క్రీముని వేలితో గీకడం మొదలుపెట్టింది. ఒక చోట గీకింది, పక్కన గీకింది. వేలు ఆగింది. చెక్క మీద చిన్న గాటు. ఆ గాటులో వేలి కొన ఇప్పుడు సగం కూడా పట్టలేదు. దాని పక్కనే నాన్న ఉలి దెబ్బలు, నాన్న నునుపు చేసిన చెక్క.

"నా పన్ను" అంది. "ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరూ నా పన్ను గాటు మీదే పెళ్ళి చేసుకున్నారన్నమాట!"

నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత కడుపులోంచి వచ్చింది, ఆపుకోవాలని చూస్తే ఇంకా వచ్చింది. అమ్మ నవ్వే, అచ్చంగా! అయ్యగారు ఓడల్ని నడిసముద్రంలో వదిలేసి "ఆమేన్" అనేశారు.

"వార్డు పిల్ల తిందా?" అడిగింది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

"కూర్చుని తింది. ముందు తనే తింది."

"ఇక్కడ వీళ్ళందరికీ ఏం పెడతావు?"

"ఏమీ లేదే."

"అక్కడ ట్రేలు?"

"ఎవరూ ముట్టుకోలేదు."

డ్రిల్లు టీచరు తెల్ల గౌను జేబులోంచి ఈల తీసింది. పెళ్ళి గౌనుకి జేబు ఎందుకమ్మా అని దర్జీ అడిగితే చెప్పలేదట, ఇప్పుడు తెలిసింది. ఈల మోగింది. "అందరూ ఇద్దరిద్దరుగా! ముందు పొట్టివాళ్ళు! అయ్యగారూ, మీరు వరసలోకి రండి! ఆసుపత్రికి, నడవండి!"

నడిచారు. ఎందుకు నడుస్తున్నారో సగం మందికి తెలియదు, అయినా నడిచారు. ముందు పెళ్ళికూతురు, పక్కన అడుగు కలపలేక అవస్థపడుతున్న పెళ్ళికొడుకు, వెనక ఊరంతా, ఆ వెనక చెక్క కేకుని భుజానెత్తుకుని తమ్ముడు, అందరి కాళ్ళ మధ్యా కుక్క. భోజనాల గది గుమ్మంలో లిఫ్టాయన ఆ గుంపుని చూసి బెదిరిపోయి, "అందరూ ఒకేసారి పట్టరు" అన్నాడు. పట్టారు. ట్రేలు తెరిచారు. కాగితం టోపీలు చేతులు మారాయి. కాలికి కట్టు ఉన్నాయన అయ్యగారి నెత్తిన ఒకటి పెట్టాడు.

వార్డు పిల్ల మూడంతస్తుల కేకులోంచి పెద్ద ముక్క కోసి తెచ్చి, అలవాటు ప్రకారం తానే డ్రిల్లు టీచరు నోట్లో పెట్టింది. "ఇంకొక్క ముద్ద అక్కా, ఇదే ఆఖరు. తిని చెప్పండి. మీ అమ్మగారు నా కోసం చేశారు. కింది దాకా కేకే!"

డ్రిల్లు టీచరు నమిలింది. చిన్నప్పటి నుంచీ ఎదురుచూసిన ముక్క అది. నములుతూ అమ్మ వైపు చూసింది. పిన్ని తల వంచుకుని నేల చూపులు చూస్తోంది.

కూతురు మింగి, మూతి తుడుచుకుంది.

"అవును, నీ కోసమే చేసింది" అంది. "ఆకు కూడా వేసింది, చూశావుగా."

పిన్ని నవ్వబోయింది. ఏడుపొచ్చింది. రెండూ కలిసి వచ్చిన ఆ చప్పుడుకి గుమ్మంలో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.